మంత్రాలొచ్చిన అమ్మాయిలతో మిస్టరీ నవల రాయడం ఎలా?

"హీరోయిన్‌కి మంత్రాలు వచ్చు కదా, మొదటి అధ్యాయంలోనే ఒక మంత్రం వేసి దొంగ ఎవరో తెలుసుకోవచ్చు కదా?"

టీనేజ్ మంత్రగత్తెల మిస్టరీ రాయాలనుకునేవాళ్లు అందరూ అడిగేది ఇదే. కొందరు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయి నోట్‌బుక్ మూసేస్తారు. ఇంకొందరు దాన్ని పట్టించుకోకుండా రాసుకుంటూ పోయి, చివరి అధ్యాయంలో ఎక్కడా లేని కొత్త మంత్రం తెచ్చి దొంగని పట్టిస్తారు. ఇది మరీ అన్యాయం. రెండొందల పేజీలు బుర్ర పెట్టి చదివినవాళ్లకి ఒళ్లు మండుతుంది.

మంత్రం ఎక్కడిదాకా పనిచేసి ఆగిపోతుందో, మీ మిస్టరీ అక్కడ మొదలవ్వాలి. ఆ హద్దు ఎలా గీయాలో, గీశాక దాని మీద కథ ఎలా నిలబెట్టాలో వరసగా చూద్దాం.

కావలసినవి

- ఒక నోట్‌బుక్. ఇందులో మొదటి పేజీ ఎవరికీ చూపించరు.
- ఖాళీ కార్డులు, ఒక ముప్పై నలభై. చీటీలైనా చాలు.
- రెండు రంగుల పెన్నులు.
- ముగింపు తెలియని ఇద్దరు పాఠకులు. ఒకరు పదహారేళ్ల లోపు ఉంటే మంచిది. ఆ వయసువాళ్లు మొహమాటపడరు.

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో రాసుకునేవాళ్లు కూడా క్లూలకి మాత్రం కార్డులే వాడండి. వాటిని నేల మీద పరిచి అటూ ఇటూ జరిపితే తెలిసే సంగతులు స్క్రీన్ మీద తెలియవు.

1. ముందు నేరం రాయండి

మంత్రాల పేర్లు, మంత్రదండాల బొమ్మలు, పిల్లి రంగు ఇవన్నీ తర్వాత. ముందు నోట్‌బుక్ మొదటి పేజీలో అసలు ఏం జరిగిందో దోషి వైపు నుంచి రాయండి. ఎందుకు చేసింది, ఎప్పుడు చేసింది, చేశాక ఏం దాచింది. గంటలతో, నిమిషాలతో సహా రాయండి.

హత్యే అవ్వాలని లేదు. ఈ వయసు పాఠకులకి స్నేహితురాలు మాయమవడం, ఒక రహస్యం బయటపడటం, ప్రమాదంలా కనిపించిన ఒక సంఘటన చాలు. కానీ కారణం మాత్రం పదహారేళ్ల మనసుకి తగ్గట్టు ఉండాలి. ఆస్తి తగాదా కోసం పదహారేళ్ల పిల్ల నేరం చేయదు. తనని గుంపులోంచి తీసేస్తారన్న భయం, ఫెయిలైన సంగతి ఇంట్లో తెలుస్తుందన్న భయం, తన కంటే వెనక మొదలుపెట్టిన చెల్లెలు ముందుకెళ్లిందన్న మంట ఉంటే చేస్తుంది.

ఈ వ్యాసమంతా ఒకే ఉదాహరణతో నడుపుతాను. మంత్రవిద్య నేర్పే ఒక హాస్టల్. నలుగురు అమ్మాయిలు: సింధు, తార, నీలిమ, కావ్య. పరీక్షలో ఫెయిలైన కావ్య, రాత్రి ఎనిమిదిన్నరకి లైబ్రరీలోకి వెళ్లి మార్కుల రిజిస్టర్‌లో ఒక పేజీ చింపింది. టీచర్ చూసింది. కావ్య భయపడి, తొమ్మిదింటికి టీచర్ మీద మరపు మంత్రం వేసింది. తెల్లారాక టీచర్‌కి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఏం జరిగిందో గుర్తులేదు. పేజీ లేదు. సింధు కనిపెట్టాలి.

2. మంత్రానికి ధర కట్టండి

నవల మొత్తానికి మూడు మంత్రాలు చాలు. నాలుగోది కావాలనిపిస్తే మూడింట్లో ఒకటి కొట్టేయండి. ప్రతి మంత్రానికీ నాలుగు గళ్లు గీయండి: ఏం చేస్తుంది, ఏం చేయలేదు, వేసినవాళ్లకి ఏం ఖర్చు, ఏం జాడ వదులుతుంది.

మరపు మంత్రం తీసుకుందాం. చేసేది: ఎదుటివాళ్ల జ్ఞాపకంలోంచి ఒక గంట తుడిచేస్తుంది. చేయలేనిది: గంట కంటే ఎక్కువ తుడవలేదు, తుడిచింది తిరిగి తేలేదు. ఖర్చు: మంత్రం వేసిన మనిషి ఆ వెంటనే వచ్చే గంట మామూలుగానే తిరుగుతుంది, మాట్లాడుతుంది, కానీ తర్వాత ఆ గంట తనకి గుర్తుండదు. జాడ: ఈ గడి ప్రస్తుతానికి ఖాళీగా వదిలేద్దాం. చివర్లో దీనితో పనుంది.

చూశారా, ఖర్చు గడి నింపగానే క్లూ దానంతటదే పుట్టింది. కావ్యకి నేరం గుర్తుంది, నేరం తర్వాతి గంట గుర్తులేదు.

"నీరసం వస్తుంది", "ముక్కులోంచి రక్తం కారుతుంది" లాంటి ఖర్చులు పెట్టకండి. అవి ఓ రాత్రి నిద్రతో పోతాయి, కథకి పనికిరావు. దాచడానికి వీల్లేని ఖర్చు పెట్టండి. జ్ఞాపకం, ఒక రంగు కనిపించకపోవడం, అబద్ధం చెప్పలేకపోవడం, నీడ ఆలస్యంగా కదలడం, ఇలాంటివి.

ఈ నియమాలు పాఠకుడికి నేరం జరగకముందే తెలియాలి. అదీ పాఠం చెప్పినట్టు కాదు. రెండో అధ్యాయంలో ఒక నవ్వులాట సన్నివేశం రాయండి: తార సరదాకి నీలిమ మీద మరపు మంత్రం వేసి, మర్నాడు తను అప్పుడే మొత్తం బిస్కెట్లు తినేసిన సంగతి తనకే గుర్తులేక, ఎవరు తిన్నారని అందరి మీదా ఎగురుతుంది. పాఠకుడు నవ్వుకుంటాడు. నియమం నేర్చుకున్నానని అనుకోడు.

3. దొంగదారులు మూసేయండి

డిటెక్టివ్ కథల స్వర్ణయుగంలో ఈ తలనొప్పి లేదు. డిటెక్టివ్ కథ ఎలా రాయాలో చెబుతూ 1928లో అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ రాసిన ఇరవై నియమాల్లోనూ, 1929లో ఇంగ్లీషు రచయిత రోనాల్డ్ నాక్స్ పెట్టిన పది నియమాల్లోనూ అతీత శక్తులకి ప్రవేశమే లేదు. నాక్స్ స్వయంగా క్యాథలిక్ ప్రీస్టు. అంటే అద్భుతాల్ని నమ్మే మనిషే వాటిని డిటెక్టివ్ కథలోకి రానివ్వలేదన్నమాట! వాళ్లు తలుపే మూసేశారు. మనం తలుపు తెరిచి, కిటికీలు మూయాలి.

మూయాల్సిన కిటికీలు ఇవి: నిజం చెప్పించే మంత్రం, మనసు చదివే మంత్రం, చనిపోయినవాళ్లతో మాట్లాడటం, గతాన్ని అద్దంలో చూడటం, కాలంలో వెనక్కి వెళ్లడం. ఈ ఐదింటికీ మీ నోట్‌బుక్‌లో ఒక్కో వాక్యం జవాబు ఉండాలి.

మూసే పద్ధతులు మూడు. మొదటిది, ఆ మంత్రం మీ లోకంలో లేనే లేదు. ఇది తేలిక, చాలాసార్లు ఇదే మంచిది. రెండోది, ఉంది కానీ పిల్లలకి రాదు, పెద్దవాళ్లు వేయరు. ఇది కాస్త ప్రమాదం, ఎందుకు వేయరో గట్టి కారణం చెప్పాలి. మూడోది, ఉంది, వేస్తారు, కానీ జవాబు సగమే వస్తుంది. నాకు ఇదే ఇష్టం. వస్తువుని ముట్టుకుంటే దాన్ని చివరిగా ముట్టుకున్నవాళ్లు కనిపించే మంత్రం ఉందనుకోండి. సింధు రిజిస్టర్ ముట్టుకుంటుంది. నీలిమ కనిపిస్తుంది! నిజానికి పొద్దున్న కింద పడి ఉన్న రిజిస్టర్‌ని తీసి బల్ల మీద పెట్టింది నీలిమ, అంతే. మంత్రం అబద్ధం చెప్పలేదు, సింధు తప్పుగా అర్థం చేసుకుంది. పాఠకుడు కూడా ఆమెతో పాటే తప్పుదారి పట్టాడు, అయినా మోసం జరగలేదు.

చాలామంది "ఆ రోజు అమావాస్య, అందుకని మంత్రం పనిచేయలేదు" అని రాసేసి చేతులు దులుపుకుంటారు. నేరం రోజే అమావాస్య ఎందుకయ్యింది? దోషి దాన్ని లెక్కపెట్టుకుని ఆ రోజే ఎంచుకుంటే అది క్లూ. ఊరికే అలా కలిసొస్తే అది మీ సోమరితనం.

4. ప్రతి అమ్మాయికీ ఒక రహస్యం ఇవ్వండి, నేరంతో సంబంధం లేనిది

అనుమానితులు నలుగురైదుగురు ఉండాలి. ఒక్కొక్కరూ ఏదో దాస్తూ ఉండాలి. తార ఎనిమిదిన్నరకి గదిలో లేదు. మేడ మీద ఫోన్లో వాళ్ల నాన్నతో మాట్లాడుతోంది. అమ్మా నాన్నా విడిపోతున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. అందుకని "గదిలోనే ఉన్నాను" అని అబద్ధమాడింది. ఆ అబద్ధం మీద యాభై పేజీలు నడుస్తాయి. అది బయటపడినప్పుడు పాఠకుడికి "అయ్యో" అనిపించాలి. "ఓస్ ఇంతేనా" అనిపిస్తే రహస్యం చిన్నదైపోయిందని అర్థం.

వయసు పదిహేను, పద్దెనిమిది మధ్య పెట్టుకోండి. పేర్లు వేరువేరు అక్షరాలతో మొదలవ్వాలి, వినడానికి కూడా దూరంగా ఉండాలి. సింధు, ఇందు, బిందు అని పెడితే మిస్టరీ మీకే అంతుపట్టదు.

పెద్దవాళ్లని కథలోంచి మాయం చేయకండి. వార్డెన్ ఉంటుంది, విచారిస్తుంది, తప్పు మనిషిని పట్టుకుంటుంది. హీరోయిన్ ఎందుకు కదలాలో దాంతోనే తెలుస్తుంది.

ఇంకొక హెచ్చరిక. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామెని మంత్రగత్తె అని, దోషి అని రాయకండి. చేతబడి చేసిందన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపడం ఇప్పటికీ ప్రపంచంలో చాలాచోట్ల జరుగుతోంది. మీ కథ ఆ అనుమానానికి వత్తాసు పలకకూడదు. ఆ అనుమానాన్నే కథలో పెట్టి, అది తప్పని తేలిస్తే అది వేరే సంగతి.

5. క్లూలు రాయండి

ఒక్కో కార్డు మీద ఒక్కో క్లూ. నిజమైన క్లూలు ఒక రంగు, పక్కదారి పట్టించేవి ఇంకో రంగు. నిజమైనవి కనీసం ఐదు ఉండాలి, వాటిలో మూడు కథ సగం దాటేలోపు వచ్చేయాలి.

క్లూని దాచడానికి దాన్ని చీకట్లో పెట్టక్కర్లేదు. అందరూ వేరేదాని వైపు చూస్తున్నప్పుడు వెలుతురులోనే పెట్టండి. దీనికి తెలుగులో ఉన్నంత సౌకర్యం చాలా భాషల్లో లేదు. మన కావ్యనే చూడండి.

ఆ రాత్రి తొమ్మిదింపావుకి కరెంటు పోయింది. అమ్మాయిలంతా కొవ్వొత్తులతో హాల్లో చేరారు. కావ్య కూడా వాళ్ల మధ్యే కూర్చుంది, నవ్వింది, మాట్లాడింది. కానీ తొమ్మిది నుంచి పది దాకా ఆమెకి గుర్తులేదు. పొద్దున్నే తెలివిగా రూమ్మేట్‌ని కదిపి ఏం జరిగిందో తెలుసుకుంది. వార్డెన్ అడుగుతోంది:

"కరెంటు పోయినప్పుడు ఎవరెవరు ఎక్కడున్నారు?"

"అందరం హాల్లోనే ఉన్నాం మేడమ్," అంది నీలిమ. "తార పాట పాడింది."

"అవును మేడమ్, రెండు పాటలు పాడిందట," అంది కావ్య.

"రెండు కాదు, ఒకటిన్నర," తార నవ్వింది. "సగంలో కరెంటు వచ్చేసింది."

"పాడిందట." పక్కన కూర్చుని విన్న మనిషి "పాడింది" అంటుంది. ఇంకొకరు చెబితే తెలుసుకున్న మనిషి "పాడిందట" అంటుంది. ఆ ఒక్క ముక్కలో మొత్తం నేరం ఉంది. తర్వాతి వాక్యంలోనే తార జోకు వేసింది కాబట్టి పాఠకుడి కన్ను అక్కడ ఆగదు. రెండొందల పేజీల తర్వాత సింధు ఈ మాట గుర్తుచేస్తే మాత్రం వెనక్కి తిప్పి చూస్తాడు. ఉంది! ఇలా వెనక్కి తిప్పించే క్లూ నవలకి ఒక్కటి ఉన్నా చాలు.

ఇలాంటిదే "మీరు", "నువ్వు" తేడా. నలుగురిలో సీనియర్‌ని "మీరు" అనే పిల్ల, కంగారులో ఒక్కసారి "నువ్వు చెప్పావుగా" అంటే, వాళ్లిద్దరి మధ్యా ఏదో ఉందని తెలిసిపోతుంది. ఒక్కసారే వాడండి. రెండుసార్లు వాడితే అచ్చుతప్పు అనుకుంటారు.

ఒక చిక్కు కూడా ఉంది. దోషి ఆడో మగో దాచాలంటే మన క్రియలు సహకరించవు. "వచ్చాడు", "వచ్చింది" అనగానే సగం మంది అనుమానితులు ఎగిరిపోతారు. "ఎవరో వచ్చారు" అంటే ఆడా మగా, ఒకరా ఇద్దరా ఏదీ తెలియదు. లేదా మనిషిని వదిలేసి చప్పుడునీ నీడనీ కర్తగా పెట్టండి: "మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది." అయితే దోషి కనబడ్డప్పుడు మాత్రమే "వచ్చారు" వాడితే చురుకైన పాఠకులు పట్టేస్తారు. పాలవాడి విషయంలోనూ తోటమాలి విషయంలోనూ మొదటి నుంచీ అదే వాడుతూ రండి.

6. వరస పేర్చండి

కార్డులన్నీ నేల మీద పరచండి. రెండు నిజమైన క్లూలు పక్కపక్కన పడితే మధ్యలో పక్కదారి క్లూ ఒకటి పెట్టండి. సగం దగ్గర తప్పుడు పరిష్కారం రావాలి: అందరూ తారే చేసిందని నమ్మాలి, సింధు కూడా నమ్మాలి. అక్కడ స్నేహం తెగాలి. ఈ కథల్లో నిజమైన నష్టం అదే. దొంగ దొరికినా తార ఇక సింధుతో మునుపట్లా మాట్లాడకపోవచ్చు.

పొడవు గురించి కూడా అడుగుతుంటారు. ఇంగ్లీషులో ఈ రకం నవలలు సాధారణంగా 60 నుంచి 80 వేల పదాల దాకా ఉంటాయి. తెలుగులో విభక్తులన్నీ పదంలోనే కలిసిపోతాయి కాబట్టి అదే కథ ఇంకా తక్కువ పదాల్లో ఇముడుతుంది. పదాల లెక్క చూసి కంగారుపడి సాగదీయకండి.

7. మంత్రం లేకుండా పట్టించండి

సింధుకి కల వచ్చి, అందులో కావ్య కనిపిస్తే అది సాక్ష్యం కాదు. దీనికి చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1692లో అమెరికాలోని సేలంలో కొందరు అమ్మాయిలు ఊళ్లోవాళ్లని మంత్రగత్తెలని వేలెత్తి చూపారు. మొదట చూపినవాళ్లలో బెట్టీ పారిస్‌కి తొమ్మిదేళ్లు, అబిగైల్ విలియమ్స్‌కి పదకొండు. ఫలానామె ఛాయారూపంలో వచ్చి తమని హింసిస్తోందని చెప్పారు. ఆ రూపం చెప్పినవాళ్లకి తప్ప ఎవరికీ కనిపించదు. కోర్టు దాన్నే సాక్ష్యంగా తీసుకుంది. 19 మందిని ఉరితీశారు. గవర్నర్ విలియం ఫిప్స్ ఆ కోర్టుని రద్దుచేశాక, 1693లో కొత్త కోర్టు అలాంటి సాక్ష్యాన్ని పక్కన పెట్టింది. అప్పుడు మిగిలినవాళ్లలో చాలామంది బయటపడ్డారు.

కాబట్టి మీ కథలో మంత్రం అనుమానం పుట్టించవచ్చు, దారి చూపవచ్చు. నిరూపించడం మాత్రం మామూలు కళ్లకి కనిపించేదానితోనే జరగాలి. సింధు ఏం చేస్తుందంటే, అందరి ముందూ కావ్యతో అంటుంది: "ఆ రాత్రి నువ్వు పొరపాటున కొవ్వొత్తి ఆర్పేసి, చీకట్లో వార్డెన్ కాలు తొక్కావే, ఎంత నవ్వుకున్నామో!" కావ్య నవ్వేస్తుంది, "అవును, నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది" అంటుంది. హాల్లో ఒక్కసారిగా మాటలు ఆగిపోతాయి. ఆ రాత్రి కావ్య కొవ్వొత్తి ఆర్పలేదు. వార్డెన్ అసలు హాల్లోనే లేదు.

ఇక్కడితో సన్నివేశం ఆపేయండి. తర్వాత మూడు పేజీలు కావ్య నిలబడి తన నేరమంతా తనే వివరించడం చాలా నవలల్లో చూస్తాం. పట్టుబడిన పదహారేళ్ల పిల్ల అంత సావకాశంగా మాట్లాడదు. ఏడుస్తుంది, లేదంటే బుకాయిస్తుంది.

8. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి

మొదటి పరీక్ష: నవల పేజీల్లో "మంత్రం" వాడిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. ప్రతిదానికీ ఖర్చు కట్టారా? ఏడో అధ్యాయంలో హడావుడిలో ఉచితంగా వేయించేశారా? ఎక్కువ తప్పులు అక్కడే దొరుకుతాయి.

రెండోది: ముగింపు తెలియని మీ ఇద్దరు పాఠకులకి మూడొంతుల నవల ఇచ్చి ఆపేయండి. దోషి ఎవరని అడగండి. ఇద్దరూ సరిగ్గా చెప్పేస్తే క్లూలు కొంచెం లోతుగా దించాలి. ఇద్దరూ ఒకే తప్పు పేరు చెబితే పండగ చేసుకోండి. ఇద్దరూ "ఏమో, ఎవరైనా కావచ్చు" అంటే మాత్రం క్లూలు అందలేదని అర్థం. ఇది మొదటిదాని కంటే పెద్ద లోపం. ఎవరూ కనిపెట్టలేకపోవడం గొప్పని చాలామంది రచయితలు పొరబడతారు. ముగింపు చదివాక "ఛ, నాకు తట్టాల్సింది" అనిపించాలి.

మూడోది: దోషి తరఫు వకీలులా ఆలోచించండి. మన ఉదాహరణలోనే ఒక కన్నం ఉంది. కావ్యకి తొమ్మిది నుంచి పది దాకా గుర్తులేదు, సరే. కానీ మరపు మంత్రం వేసినవాళ్లకే కాదు, వేయించుకున్నవాళ్లకీ ఒక గంట పోతుంది కదా? ఇంకెవరో కావ్య మీద కూడా మంత్రం వేసి ఉండొచ్చు. కావ్య ఈ మాట అందంటే సింధు దగ్గర జవాబు లేదు.

ఇందాక ఖాళీగా వదిలిన జాడ గడి ఇప్పుడు నింపండి: మంత్రం పడినవాళ్ల గోళ్లు మర్నాడంతా నీలంగా ఉంటాయి. రెండో అధ్యాయంలో నీలిమ గోళ్లు నీలమయ్యాయి, తెల్లారి టీచర్ గోళ్లు నీలమయ్యాయి. నాలుగో అధ్యాయంలో, అదే రోజు, కావ్య చిరిగిన పుస్తకానికి టేపు అంటిస్తూ దాని కొన గోటితో గీకుతూ ఉంటుంది. గోళ్లు ఏ రంగులో ఉన్నాయో ఒక్క విశేషణంతో చెప్పండి, "తెల్లటి గోరు" అని. ఎవరూ పట్టించుకోరు. ఆ వాక్యానికి కొత్త కార్డు రాసి, నేల మీద నాలుగో వరసలో పెట్టి, మొదటి నుంచి మళ్లీ చదవండి.